ఎడమచేతికి ఒక పనసకాయ

ముప్పై నాలుగేళ్ళు ఫిజియోతెరపిస్టుగా పనిచేశాను. ఆ పని ఏమిటని ఇప్పుడెవరైనా అడిగితే, ఇంట్లోవాళ్ళ ప్రేమతో దెబ్బలాడటం అని చెబుతాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అది విని నవ్వుతారు. నవ్వండి. రెండేళ్ళు గడిచాక మీరే ఒప్పుకుంటారు.

నా ప్రమోషన్లు, బదిలీలు, రిటైర్మెంటు రోజున కప్పిన శాలువా, ఇవేవీ ఇక్కడ రాయడం లేదు. వాటివల్ల ఎవరి మోకాలూ వంగలేదు. రాయదలుచుకున్నది నాకు పని నేర్పిన ఒక మేడమ్ గురించి, నేను చేసిన రెండు తప్పుల గురించి. రెండో తప్పు మా ఇంట్లోనే చేశాను. అది మీకు చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

మన గోదావరి జిల్లాల్లో మర్యాద ఎక్కువ. ఇంటికొచ్చిన మనిషిని రెండు నిమిషాలు కూడా నిలబడనివ్వం. జబ్బు చేసిన పెద్దవాళ్ళకైతే ఆ మర్యాద పదింతలు. "మీరు కూర్చోండి నాన్నగారూ, మేం చూసుకుంటాం కదండీ" అనే మాట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. మంచినీళ్ళు నోటిదాకా తెస్తారు. చొక్కా తొడిగి గుండీలు పెడతారు. అన్నం కలిపి ముద్దలు చేసి తినిపిస్తారు. అంత ప్రేమగా చూసుకుంటూ ఆరునెలల్లో ఆ కాళ్ళూ చేతులూ పని మర్చిపోయేలా చేస్తారు. అప్పుడు నా దగ్గరికి తీసుకొచ్చి, "మేడమ్, కొంచెం కరెంటు పెట్టండి" అంటారు.

కరెంటంటే కండరాలకి చిన్న చిన్న షాకులిచ్చే మిషను. దాని మీద జనానికి ఉన్న నమ్మకం నా మీద ఎప్పుడూ లేదు. కొన్ని ఊళ్ళలో నా పేరే కరెంటమ్మగారు. మిషను చెడ్డదని అనను. కాని మనిషి కదలకుండా పడుకుని ఉంటే మిషను వచ్చి కదిలిస్తుందన్న ఆశ ఉందే, దాన్ని మాత్రం మొదటి రోజే తుంచెయ్యండి.

విశాలాక్షి మేడమ్

విశాలాక్షి మేడమ్ మా విభాగానికి పెద్ద. పొట్టిమనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. నేను చేరిన మొదటి నెలలో ఒక పెద్దాయన్ని చూడటానికి నన్ను వెంటబెట్టుకుని రావులపాలెం వెళ్ళారు.

ఆయన అరటిపళ్ళ మార్కెట్లో నలభై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషి. జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది. నడవొచ్చని డాక్టరు చెప్పి నెల దాటింది. ఈయన మాత్రం మంచం దిగడం లేదు. ముగ్గురు కొడుకులు రోజూ పొద్దున్నే ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి అరుగు మీదికి చేరుస్తున్నారు, ఎండెక్కాక లోపలికి తెస్తున్నారు. ముగ్గురూ బంగారంలాంటి పిల్లలు. మా వృత్తికి అలాంటివాళ్ళతోనే కష్టం.

నేను సంచీలోంచి మోకాలు ఎంత వంగుతోందో కొలిచే స్కేలు తీశాను. మేడమ్ పేషెంటు వైపు చూడనే లేదు. బాత్రూమ్ చూపించమన్నారు. గడపలు ఎన్ని ఉన్నాయో చూశారు. మంచం ఎత్తు చూశారు. తర్వాత పెద్దకొడుకుని అడిగారు.

"ఈయన ఏం పని చేసేవారండీ?"

"అరటిగెలల వ్యాపారమండి. మార్కెట్లో మా కొట్టు..."

"మార్కెట్లో కాదు బాబూ. ఇంట్లో."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "ఇంట్లో నాన్నగారికి పనేంటండీ. పేపరు చదువుకునేవారండి" అన్నాడు రెండోవాడు.

వంటింటి తలుపు వెనకనుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "పాలు పోయించుకునేవారండి. పాలాయన తెల్లారకుండా వస్తాడండి. నా నిద్ర చెడుతుందని ఈయనే లేచెళ్ళి, పాలు పోయించుకొచ్చి, స్టవ్వు మీద పెట్టి నన్ను లేపేవారు. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టారండి."

కొడుకులకి ఆ సంగతి తెలియదు. పెద్దాయన సిగ్గుపడి అటు తిరిగారు.

"రేపట్నుంచి పాలు ఆయనే తెస్తారు" అన్నారు మేడమ్.

ముగ్గురూ ఒక్కసారి మీద పడ్డారు. పడిపోతారండీ, మళ్ళీ ఎముక విరిగితే ఎవరండీ బాధ్యులు అని. మేడమ్ మంచం దగ్గరనుంచి గేటుదాకా నడిచి అడుగులు లెక్కపెట్టారు. ఇరవై రెండు. పిడి ఉన్న చిన్న పాలక్యాను తెప్పించి, పాత చీర పీలికతో దాన్ని వాకరుకి కట్టారు. "మీలో ఒకరు వెనకాల నడవండి. పట్టుకోకండి. వెనకాల నడవండి చాలు" అన్నారు.

మొదటిరోజు సగం పాలు వాకిట్లోనే ఒలికిపోయాయట. రెండో వారం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. నన్ను చూడగానే పెద్దాయన తనంతట తానే, "ఇవాళ తొణకలేదమ్మా" అన్నారు.  నేను ఆయన మోకాలు కొలవలేదు. అవసరం లేకపోయింది.

ఆ మొదటిరోజు తిరుగు బస్సులో మేడమ్ నాతో అన్నారు. "మోకాలు తర్వాత కొలుద్దువుగాని, ముందు ఇల్లు చూడు సుగుణా. ఈ మనిషి మంచాన పడ్డాక ఆ ఇంట్లో ఏ పని ఆగిపోయిందో కనుక్కో. అతన్ని ఆ పని దగ్గరికే నడిపించు. మిగతాదంతా నీ పుస్తకంలో ఉంది."

బంతి

మీరు చేరగానే మీ చేతికి కొన్ని స్పాంజి బంతులు ఇస్తారు. పక్షవాతం వచ్చిన చేతిలో బంతి పెట్టి నొక్కమనాలి. మంచి వ్యాయామమే. ఆ బంతితోనే నేను ఒక మనిషి చెయ్యి పాడుచేశాను.

ఆమె పేరు నూకరత్నం. ఉప్పాడ. జీవితమంతా చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. కుడిపక్క పడిపోయింది. కోడలు ఆటో మాట్లాడుకుని వారానికి మూడుసార్లు మా ఆసుపత్రికి తీసుకొచ్చేది. నూకరత్నం వేళ్ళలో కొంచెం కదలిక ఉంది. మంచి లక్షణం. నేను బంతి ఇచ్చాను. నొక్కమన్నాను. ఆమె దాన్ని బల్లమీద పెట్టేసింది. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ పెట్టేసింది.

"బంతాట ఆడుకోడానికి నేనేమన్నా సంటిపిల్లనా అమ్మా" అంది.

అప్పటికి నాకు పన్నెండేళ్ళ సర్వీసు. బయట వరండాలో ఇరవైమంది ఉన్నారు. గొంతు పెంచాను. "నీ చెయ్యి నీకు అక్కర్లేకపోతే నాకెందుకు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు వినపడుతుంది. కాగితం మీద, సహకరించడం లేదు అని రాశాను. ఆ ముక్క రాశామంటే తప్పు పేషెంటుదైపోతుంది, మన మనసు తేలికపడుతుంది. మీరు దాన్ని రాసే ముందు పదిసార్లు ఆలోచించండి.

మూడువారాల తర్వాత ఆమె రావడం మానేసింది. నేను వెళ్ళి చూడలేదు. విశాలాక్షి మేడమ్ అప్పటికి రిటైరయ్యారు. ఉండి ఉంటే నన్ను చెవి పట్టుకుని ఉప్పాడ బస్సు ఎక్కించేవారు.

ఏడాది తిరిగాక వేరే పని మీద ఉప్పాడ వెళ్ళినప్పుడు రోడ్డుపక్కన చేపలమ్మే ఆడవాళ్ళ మధ్య ఆమె కనిపించింది. కోడలు కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. నూకరత్నం పక్కన ఊరికే కూర్చుని ఎడమచేత్తో ఈగలు తోలుతోంది. కుడిచెయ్యి ఒళ్ళో గుప్పిట బిగిసి ఉంది. అది ఇంక తెరుచుకోదని దూరంనుంచే తెలిసింది.

నన్ను చూసి నవ్వింది. "బాగున్నావా అమ్మా. మా కోడలు సుబ్బరంగా సూసుకుంటందమ్మా. సేప ముట్టుకోనివ్వదు" అంది. వద్దంటున్నా వినకుండా రెండు చేపలు కాగితంలో చుట్టించి నా చేతిలో పెట్టింది.

ఆ కత్తిపీట మొదటి నెలలోనే నా కళ్ళపడాల్సింది. కోయకపోయినా ఫర్వాలేదు, ఆ చేతికి చేప తోక పట్టుకునే పని ఇచ్చి ఉంటే వేళ్ళు తెరుచుకుని మూసుకునేవి. ఆమె చెయ్యి ఎప్పుడూ బంతి పట్టుకోలేదు, చేపని పట్టుకుంది. అదేమంత కష్టమైన సంగతి కాదు. కాని అది తెలియాలంటే నేను ఉప్పాడ వెళ్ళి ఆమె ఇల్లు చూడాలి. నేను వరండాలో జనాన్ని చూశాను.

మగవాళ్ళు, ఆడవాళ్ళు

ఇంకొక మాట నిర్మొహమాటంగా చెబుతాను. ఇంటి పెద్ద మంచాన పడితే అతన్ని లేపడం కష్టం. ఇంటి ఇల్లాలు పడితే ఆమెని కూర్చోపెట్టడం కష్టం. మణికట్టు విరిగిన ఒకావిడ పదోరోజున వచ్చింది, సిమెంటు కట్టు నాని మెత్తబడిపోయింది. ఏమ్మా అంటే, "గిన్నెలెవరు తోముతారండీ" అంది. భర్త పక్కనే నిలబడి తనని కాదన్నట్టు పైకప్పు చూస్తున్నాడు. చీటీ మీద ఆరు వారాలు వంట భర్త చేయాలి అని రాసి, ఆసుపత్రి ముద్ర కొట్టి ఇచ్చాను. అలా రాసే అధికారం నాకేమీ లేదు. పైవారం అతను తన వేలు చూపించుకోడానికి వచ్చాడు. పోపు పెడుతూ కాల్చుకున్నాడట. మందు రాసి, ఇంకా అయిదు వారాలున్నాయని గుర్తుచేసి పంపాను.

మా ఇల్లు

ఇప్పుడు రెండో తప్పు.

మావారు కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. రాజమండ్రిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. కొడుకు వాసు, కోడలు మాతోనే ఉంటారు. మావారికి వంట రాదు. కాఫీ కలపడం కూడా రాదు. ఆయనకి వచ్చిన వంటింటి పని ఒక్కటే, పనసపొట్టు కొట్టడం.

ఆ పని చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. లేత పనసకాయకి తొక్క చెక్కేసి, మొద్దు మీద నిలబెట్టి, ఎడమచేత్తో తొడిమ పట్టుకుని కాయని కొంచెం కొంచెం తిప్పుతూ, కుడిచేత్తో కత్తి పెట్టి దానిమీద సన్నగా నరుకుతూ పోవాలి. నరికినంతమేరా పైపొర చెక్కితే పొట్టు రాలుతుంది. మళ్ళీ నరకాలి. పాలు కారి జిగురు అంటుకోకుండా చేతికీ కత్తికీ నూనె రాసుకోవాలి. ఓపిక లేనివాళ్ళు కొడితే ముక్కలవుతాయి. మావారు కొడితే పొట్టు కొబ్బరికోరులా ఉండేది.

మా పెరట్లో జామచెట్టు కింద ఒక చింతమొద్దు ఉంది. పనసకాయల రోజుల్లో ప్రతి ఆదివారం ఆయన దాని ముందు పీట వేసుకుని కూర్చునేవారు. నేను ఎదురుగా రోలు ముందు కూర్చుని ఆవ నూరేదాన్ని. వారమంతా నేను బస్సుల్లో, ఆయన కాలవగట్ల మీద. మా సంసారంలో తీరిగ్గా మాట్లాడుకున్న మాటలన్నీ ఆ మొద్దు దగ్గర మాట్లాడుకున్నవే. వాసు ఇంజనీరింగు మానేసి కామర్సు చదువుతానన్న రోజున ఆయన కొట్టిన పొట్టు గొంతులో అడ్డంపడేంత ముతకగా వచ్చింది. మా అత్తగారు పోయిన ఏడు, కాయలు దిగిన మొదటి ఆదివారం, ఒక్కమాట కూడా మాట్లాడకుండా వరసగా మూడు కాయలు కొట్టారు. ఇంట్లో తినేది నలుగురం. వీధిలో అందరికీ పంచాను. ఎప్పుడైనా ఆదివారం డ్యూటీ పడితే, ఇంటికి వచ్చేటప్పుడు సందు మలుపులోనే ఆ కత్తి చప్పుడు వినిపించేది. ఎంత అలసటగా ఉన్నా ఆ చప్పుడు వినగానే నా అడుగు తేలికయ్యేది.

రెండేళ్ళ క్రితం, వానలు పడుతున్న రోజుల్లో, ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఆయన ఎడమపక్కకి ఒరిగిపోయారు. త్వరగా ఆసుపత్రికి చేర్చాం. మాట పోలేదు. ప్రాణం దక్కింది. ఎడమకాలు కొంత, ఎడమచెయ్యి బాగా దెబ్బతిన్నాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, "ఇంట్లోనే ఫిజియో ఉన్నారు, మీకింకేం కావాలండీ" అన్నారు. అందరం నవ్వాం.

వ్యాయామాలన్నీ గడియారం పెట్టుకుని చేయించాను. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట, ఒక్కరోజు తప్పలేదు. మిగిలిన ఇరవై మూడు గంటలూ ఆయన చేతులు నేనే అయిపోయాను. చొక్కా తొడిగాను. దువ్వాను. కళ్ళజోడు పెట్టాను. అన్నం కలిపి ముద్దలు పెట్టాను. చేతికర్ర పట్టుకుని నడక వచ్చింది. చెయ్యి మాత్రం ఒళ్ళో అలాగే పడుకుంది. మూడు నెలలు గడిచాయి. చెయ్యి తిరిగి వచ్చేది ఎక్కువగా మొదటి నెలల్లోనే. ఆ సంగతి వేలమందికి చెప్పినదాన్ని, ఆ మూడు నెలలూ నేనే చెడగొట్టాను.

ఆయన నా దగ్గర మనసుపెట్టి చేయడం లేదని, మనుషులు మారితే చేస్తారేమోనని, ప్రశాంతిని పిలిపించాను. నేను రిటైరయ్యేముందు నా దగ్గర పని నేర్చుకున్న చివరి పిల్ల. సన్నగా, మెల్లగా మాట్లాడుతుంది. వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం వేళ. నేను ఆయనకి అన్నం పెడుతున్నాను. గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"మేడమ్, ఒక మాటంటే ఏమీ అనుకోరు కదండీ?"

"అనమ్మా."

"సారుకి కుడిచెయ్యి బాగానే ఉంది కదండీ."

నా చేతిలో ముద్ద ఉంది. దాన్ని నోటికి అందించాలో కంచంలో పెట్టాలో తెలియలేదు. అవును. ఆయన కుడిచెయ్యి నిక్షేపంలా ఉంది. బాగున్న చేతిని ఒళ్ళో పెట్టించి మూడు నెలలనుంచి నేను తినిపిస్తున్నాను. ఎందుకు అలా చేశానో ఇప్పుడు చెప్పగలను. ఆ ఉదయం ఆయన ఒరిగిపోవడం చూశాను. పోగొట్టుకుంటానని భయపడ్డాను. ఆయన నోటికి ముద్ద అందిస్తుంటే, ఆయన మింగుతుంటే, నాకు ధైర్యంగా ఉండేది. ఆ ముద్దలు ఆయన ఆకలికి పెట్టినవి కావు, నా భయానికి పెట్టినవి. రావులపాలెంలో ఆ ముగ్గురు కొడుకులు కుర్చీ ఎందుకు ఎత్తారో నాకు అప్పుడు అర్థమైంది. అన్నేళ్ళు వాళ్ళలాంటి వాళ్ళని కసురుకుంటూ తిరిగాను.

ప్రశాంతి ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చింది. తర్వాత అడిగింది. "సారు ఇంట్లో ఏం చేసేవారండీ?"

నేను ఆ పిల్లకి నేర్పిన ప్రశ్నే. ఇంకా కోలుకోక, "ఏం చేస్తారమ్మా, మగమహారాజు" అనేశాను.

కుర్చీలోంచి మావారు అన్నారు. "పనసపొట్టు కొట్టేవాణ్ణి."

ఆ మూడు నెలల్లో ఆయన ఎవరూ తనని అడగకుండా చెప్పిన మొదటి మాట అది.

బొండం

ఆ రోజునుంచి ఇంట్లో కొత్త చట్టం. ఆయన చొక్కా ఎవరూ తొడగకూడదు. గుండీ ఎవరూ పెట్టకూడదు. మొదటిరోజు చొక్కాకి ముప్పావుగంట పట్టింది. మా కోడలు గుమ్మం పట్టుకుని, "చూడలేకపోతున్నానత్తయ్యా" అని కళ్ళు తుడుచుకుంది. "చూడకు. లోపలికెళ్ళు" అన్నాను. నేను కూడా దొడ్లోకి వెళ్ళిపోయాను. అక్కడ నిలబడి నా రెండుచేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను. నా సర్వీసులో నేను చేసిన అతికష్టమైన వ్యాయామం అదే.

పనసకాయలు దిగడానికి ఇంకా నెలలున్నాయి. ఆలోగా కొబ్బరి బొండం తెచ్చాం. చింతమొద్దు మీద బొండం నిలబెట్టి, దాని తొడిమ ఎడమచేతికి అందించాం. వేళ్ళు మూసుకోవు. పాత తువ్వాలు పీలికలు చుట్టి తొడిమని లావు చేశాం. కుడిచేతిలో కత్తికి బదులు అప్పడాలకర్ర. ఒక దెబ్బ కొట్టాలి, ఎడమచేత్తో బొండాన్ని కొంచెం తిప్పాలి. మళ్ళీ దెబ్బ. మొదటివారం బొండం తిరగలేదు. చెయ్యే జారిపోయేది. రోజుకి వందసార్లు జారింది. జారిన ప్రతిసారీ ఆయనే ఎత్తి పెట్టుకోవాలి.

"ఇంక చాలు సుగుణా" అనేవారు.

"ఇంకో పది" అనేదాన్ని.

"నువ్వు మనిషివి కావు."

"కానండీ. ఇంకో పది."

పన్నెండో రోజున బొండం ఒక వేలెడు తిరిగింది. చూశానని తెలియకుండా మొహం తిప్పుకున్నాను. ఆయన మళ్ళీ తిప్పారు. ఈసారి చెప్పమన్నట్టు నా వైపు చూశారు. "ఇంకో పది" అన్నాను. 

సంక్రాంతి వెళ్ళాక మార్కెట్లో లేతకాయలు కనిపించగానే వాసుతో గొడవ మొదలైంది. "అమ్మా, ఆయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. చేతికి కత్తి ఇస్తావా? ఇన్నాళ్ళూ నువ్వు చేయించినవన్నీ చేయనిచ్చాను. ఇది మాత్రం ఒప్పుకోను" అన్నాడు. వాడిది న్యాయమైన భయమే. నేను కొట్టిపారెయ్యలేదు. డాక్టరుగారిని అడిగితే, మానేస్తే మంచిది, మానకపోతే జాగ్రత్తగా ఉండండి అన్నారు. డాక్టర్లు అలాగే చెబుతారు.

ప్రశాంతి ఆలోచించి చింతమొద్దు నడుమ ఒక పొడుగాటి మేకు సగందాకా దిగగొట్టించి, తల కోయించి మొన తీయించింది. కాయ అడుగుభాగం దానికి గుచ్చితే ఎటూ దొర్లదు, తిప్పితే మాత్రం అక్కడే తిరుగుతుంది.  మూడోరోజు సాయంత్రం వాసు వెల్డింగు చేసేవాళ్ళు తొడుక్కునే తోలు తొడుగు ఒకటి తెచ్చి, వాళ్ళ నాన్న ఒళ్ళో పెట్టాడు. "ఎడమచేతికి ఇది వేసుకుంటేనే" అన్నాడు. తొడగడానికి చెయ్యి చాపబోయి, నన్ను చూసి ఆగిపోయాడు. మావారే వేసుకున్నారు. పావుగంట పట్టింది.

పనసకాయ

ఆదివారం. చిన్నకాయ, పొడుగు తొడిమ ఉన్నది ఏరి తెచ్చాను. తొక్క నేనే చెక్కాను. అది ఎప్పుడూ నేను చేసే పనే. ఆయన పీట మీద కూర్చోలేరు కాబట్టి మొద్దుని ఇటుకల మీద ఎత్తుచేసి, ముందు కుర్చీ వేశాం. వాసు రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమన్నా అయితే ఒక్క అంగలో అందుకునే దూరం అది. ప్రశాంతి మెట్టు మీద కూర్చుంది.

మొదటి దెబ్బ పక్కకి పోయింది. రెండోది తగిలింది. ఆయన ఆగి, తొడిమ వైపు చూసి, ఎడమచేతిని బతిమాలుకుంటున్నట్టు మెల్లగా తిప్పారు. కాయ తిరిగింది. మళ్ళీ దెబ్బ. మధ్యమధ్య చాలా ఆగవలసి వచ్చింది. పొట్టు రాలలేదు. ముక్కలు రాలాయి, కొన్ని వేలెడేసి. చెమట గడ్డం మీదికి కారుతోంది. గంటలో చారెడు వచ్చింది. ఎడమచెయ్యి వణకడం మొదలైంది.

నేను ఉండబట్టలేకపోయాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, విశాలాక్షి మేడమ్, నూకరత్నం, అన్నీ మర్చిపోయి ముందుకి వంగి కత్తి కోసం చెయ్యి చాపాను.

ఆయన కత్తి ఆపారు. తల ఎత్తకుండానే అన్నారు.

"నీ పని ఆవ నూరడం. అది చూసుకో."

వెళ్ళి రోలు ముందు కూర్చున్నాను. ఆవాలు వేశాను. కళ్ళు మండాయి, ఆవాల ఘాటని ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. వెనకనుంచి దెబ్బ పడింది. ఆగింది. ఇంకో దెబ్బ పడింది. పాత చప్పుడు కాదు. అయినా మొద్దు అదే, కత్తి అదే, మనిషి ఆయనే.

ఒంటిగంటకి చెయ్యి పూర్తిగా అలిసిపోయింది. కాయ సగం అయింది. ఉన్నదానితోనే చింతపండు పులుసు పోసి, ఆవపెట్టి కూర చేశాను. భోజనాలకి మూడయింది. ప్రశాంతిని కూడా కూర్చోబెట్టాం. ముక్కలు పంటికింద గట్టిగా తగులుతున్నాయి. బాగుందని వాసు అనబోతుంటే మావారు చెయ్యెత్తి ఆపారు. "ముతకగా వచ్చింది" అన్నారు.

"అవునండీ, ముతకగానే ఉంది" అన్నాను. ఆయన తల ఊపి, తన కుడిచేత్తో కలుపుకుని, ఇంకో ముద్ద తిన్నారు.

భోజనాలయ్యాక వాసు పెరట్లోకి వెళ్ళి, మిగిలిన సగం కాయ చూసి, "నేను కొట్టేసి ఫ్రిజ్‌లో పెట్టెయ్యనా నాన్నా?" అని అడిగాడు. మావారు నా వైపు చూశారు. నేను ఆ సగం కాయకి పసుపు రాసి, తడిగుడ్డ చుట్టి, చింతమొద్దు పక్కనే మూతపెట్టి ఉంచాను. రేపు పొద్దున ఆయనకి పని ఉంది.